మొగలి చాప కింద

తెల్లవారకముందే వచ్చాం.
భుజాల మీద కట్టెలమోపు,
గంపలో నల్లటి లావారాళ్లు, పైన అరిటాకులు.
పొయ్యికి కావలసినవన్నీ.
సవాయి దీవిలో మా పెద్దలు ఇలాగే తెచ్చేవారట,
కాల్చుకుంటారో కనికరిస్తారో మీ ఇష్టం అని.
నోటితో అనక్కర్లేదు. మోపే అంటుంది.

లితారా ఇంటి ముందు గులకరాళ్ల మీద
మోకాళ్లూనాను.
పక్కన పెదనాన్న,
ఊరి సభలో ఎవరికీ తల వంచని మనిషి.
ఉబ్బసంతో ఆయన ఛాతీలో పిల్లికూతలు.
తప్పు నాది, మోకాళ్లు ఆయనవి కూడా.
ఇద్దరి మీదా అమ్మ చాప కప్పింది.
చెల్లి పెళ్లికని మూడేళ్లు
మొగలి ఆకులు చీల్చి, ఉప్పునీట నానబెట్టి,
కళ్లు పోయేలా అల్లిన చాప.
కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

శనివారం రాత్రి
నా బండికి ఎడమ దీపం లేదు.
రెండు నెలలుగా లేదు.
బాగుచేయించాల్సిన డబ్బుతో తాగాను.
పాటల సాధన నుంచి వస్తున్న ఫెలెతికి
పదిహేనేళ్లు. తెల్ల చొక్కా.
ఎడమ పక్కనే నడుస్తున్నాడు.

పోలీసులకు చెప్పాను. పాస్టరుగారికి చెప్పాను.
దేవుడికీ చెప్పాను,
ఆయనకు చెప్పడమే అన్నిటికన్నా తేలికైంది,
ముఖం కనబడదు కదా.
ఈ గులకరాళ్లు మోకాళ్లలో దిగాక తెలిసింది,
నేనింకా ఆయనకు ఏమీ చెప్పలేదని.

కోడి కూసింది.
ఇంట్లో ప్రార్థన మొదలైంది.
ఎప్పుడూ వినే మాటలే, పసితనం నుంచీ నోట నానినవే.
పరలోకం, చిత్తం, రొట్టె...
ఆ తర్వాతి మాట దగ్గర
లితారా గొంతు ఆగింది.
మిగతా వాళ్లు రెండు మాటలు ముందుకెళ్లి
వాళ్లూ ఆగిపోయారు.
ఎవరూ ఆమెన్ అనలేదు.

ఎండెక్కింది.
చెమట కళ్లలోకి దిగి కన్నీళ్లతో కలిసింది,
ఏది ఏదో నాకే తెలియలేదు.
ఎవరో కత్తి నూరుతున్న చప్పుడు.
ఫెలెతి అన్న సెతెఫానో అయుంటాడు.
మెడ అతనికి అందేలా వంచాను.
పెదనాన్న చెయ్యి తడుముకుంటూ వచ్చి
నా వేళ్లు పట్టుకుంది.

మోపులోంచి కట్టెలు లాగుతున్నారు.
ఒకటి, రెండు, మూడు.
పొగ వాసన.
ఇక అయిపోయింది అనుకున్నాను.
అంతలో
మాగిన చీకటి లాంటి, తీపీ చేదూ కలిసిన
కోకో వాసన.

చాప లేచింది.
వెలుగు చెంపదెబ్బలా తగిలింది.
ఎదురుగా లితారా.
కడుపుకోత మనిషిని ఎంత చిన్నగా చేస్తుందో,
తొమ్మిది రోజుల్లో భుజాలు కుంగిపోయాయి.
నేను దారంతా కూర్చుకున్న మాటలు
ఒక్కటీ నోట పెగలలేదు.
ఆమె అడిగింది,
"ఎడమ దీపం వేయించావా?"
"బండి పోలీసుల దగ్గరుంది, అమ్మా."
"వచ్చాక వేయించు."
చేతిలో కప్పు పెట్టింది. "చల్లారిపోతుంది, తాగు."

ఆమె కోడలు తర్వాత చెప్పింది,
గింజలు రాత్రే వేయించి దంచిందట,
కప్పులు కడిగి పెడితే రెండు ఎక్కువున్నాయట.
మేం వస్తామని ఎవరూ చెప్పలేదు.
మోపెత్తుకుని నేనే ముందు బయల్దేరాననుకున్నాను.
ఆమె మనసు రాత్రే వచ్చేసింది.
కాళ్లకే, ఆ గడప దాటడానికి
మధ్యాహ్నం దాకా పట్టింది.

సెతెఫానో రాలేదు.
సీమపనస చెట్టు కింద
వీపు మాకేసి పెట్టి, కత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.
అతని దగ్గరికి ఇంకో రోజు రావాలి,
పెదనాన్న లేకుండా, చాప లేకుండా.
కోర్టు సోమవారం.
అక్కడా అబద్ధం ఆడను.

కప్పు ఖాళీ అయ్యాకే చూశాను,
నేను పొద్దుటి నుంచి మోకరించింది
ఫెలెతి సమాధికి మూరెడు దూరంలో.
ఇంకా ఆరని సున్నం.
లితారా గంపలోంచి ఒక రాయి తీసి
సమాధి అంచున పెట్టింది.
పెట్టి, చెయ్యి చాపింది,
ఇంకోటి అందించమని.